ఫ్లష్ కోసం చూసెటోనికి ముక్క అగ్గువకు ఇయ్యకు అల్లుడా

అల్లుడా,

మొన్న దేవరకొండల అరుగు మీద మీరు పోకర్ ఆడుతుంటే నీ వెనక కూసొని చూసిన, అందరి ముంగట చెప్తే నీకు చిన్నతనం అయితదని ఊకున్న, అందుకే ఇట్ల రాస్తున్న. నీ చేతిల ఇస్పేట్ ఆసు, డైమన్ రాజు. కింద అందరికీ కలిపి పరిచినయ్ ఆటీన్ రాజు, ఆటీన్ ఎనిమిది, ఇస్పేట్ మూడు, కళావర్ రెండు. కుప్పల 100 చింతగింజలు, నువ్వు 20 కొట్టినవ్. అవుతలోడు టక్కున కాల్ చేసిండు, అంటే వాడూ 20 పెట్టిండు, రివర్‌ల, అంటే ఆఖరి ఐదో ముక్కకు, ఆటీన్ పడ్డది, వానికి ఐదు ఆటీన్లు కలిసి ఫ్లష్ అయ్యింది, నువ్వేమో నసీబ్ బాలేదన్నవ్. నసీబ్‌ని ఎందుకు అంటవ్ బిడ్డా, ముక్క అంత అగ్గువకు ఇచ్చింది నువ్వే గదా.

లెక్క చూడు. వాని చేతిల రెండు ఆటీన్లు, కింద రెండు, ఇంక మిగిలినయ్ 9. వానికి కనిపించని ముక్కలు 46. అంటే ఐదుసార్లల్ల ఒక్కసారి పడ్తది అనుకో. నువ్వు 20 కొడితే వాడు 20 పెట్టి 120 కోసం ఆడుతుండు, ఏడుసార్లల్ల ఒక్కసారి గెలిచినా వానికి గిట్టుబాటే. అదే 50 కొడితే 50 పెట్టి 150 కోసం ఆడాలె, నాలుగుసార్లల్ల ఒక్కసారి పడాలె వానికి, అంత పడది. ఇగ వాడు కాల్ చేసినకొద్ది నీకే లాభం.

కానీ అసలు పోయేది ఆ తర్వాతనే, ఇది మంచిగ ఇను. సగం కుప్ప కొట్టినవ్, ఆటీన్ పడ్డది, వాడు మళ్ల బెట్ పెట్టిండు, నువ్వు రాజుల జోడీ ఉందని ఇడువబుద్ధిగాక కాల్ చేస్తవ్. 46 సార్లు ఆడితే 37 సార్లు వానికి 50 పోతయ్, 9 సార్లు 150 వస్తయ్, మొత్తం మీద 500 లోటు. అంటే పడ్డ ప్రతిసారి నీ దగ్గర ఇంకో 56 గుంజితే వాని లోటు పూడినట్టే. నేను గోవాల మాండోవి నది మీది జూదం పడవల ఇదే తప్పు రాత్రంత చేసిన, బెట్లు సరిగనే కొట్టిన, మూడో ఆటీన్ పడ్డంక పడేసుడు చాతగాలె, మస్తు పోయినయ్. అందుకే రివర్‌ల పడేసే ధైర్యం లేనినాడు టర్న్‌లనే, అంటే నాలుగో ముక్క కాడనే, 70, 80 కొట్టు.

అట్లని భయపడి ఉన్నయన్ని ముందుకు నూకకు. అప్పుడు ఆటీన్లోడు పడేసి పోతడు, మూడు ఎనిమిదులు దొరికి నిన్ను గెలిచెటోడు ఒక్కడే ఉంటడు. ఆటీన్లోడు ఉండాలె, ఎక్కువ రేటు కట్టి ఉండాలె.

ఒక్కోసారి వానికి ఫ్లష్, స్ట్రెయిట్ (వరుసగ ఐదు ముక్కలు) రెండూ కలిసి 15 ముక్కలు పనికొస్తయ్, అప్పుడు కుప్పంత కొట్టినా వానికి దాదాపు సరిపోతది. అసుంటి చోట సగం కుప్ప అసలే చాలదు.

ఇదంత చింతగింజల మీదనే నేర్చుకో. మన తెలంగాణల 2017 సంది ఆన్‌లైన్‌ల పైసల ఆట బంద్, 2025ల కేంద్రం దేశమంతట బంద్ పెట్టింది, ఫోన్‌ల ఎవడన్న లింక్ పంపితే ముట్టకు.

దసరాకు వచ్చినప్పుడు అత్తకు చెప్పి గింజలు కడిగిపిస్త, నేను రెండు ఆటీన్లు పట్టుకొని కూసుంట, నాకు ఎంత రేటు పెడ్తవో చూద్దాం.

మీ మామ