ముందు ఆ మార్కును పక్కన పెట్టండి

ప్రశ్న: తిరుపతిలో ఎనిమిదో తరగతికి తెలుగు చెబుతున్నాను సార్. వ్యాసాల్లో ప్రతి తప్పూ ఎర్ర సిరాతో దిద్ది, మార్కు వేసి, చివర ‘ఇంకా బాగా రాయాలి’ అని రాస్తున్నాను. రాత్రి పదకొండైనా నోటుపుస్తకాలు తెమలవు. పిల్లలేమో మార్కు చూసుకుని మూసేస్తారు. మళ్లీ అవే తప్పులు. ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: అమ్మా, ఇంత కష్టమూ వృథా పోతోందంటే బాధగా ఉంది. ముందు ఆ మార్కును పక్కన పెట్టండి. అది కనబడితే పిల్లలు వ్యాఖ్య దాకా రారు. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ బడిపిల్లలతో చేసిన పరిశోధన 1988లో వచ్చింది. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు మెరుగుపడ్డారు, మార్కు కూడా కలిపి ఇస్తే ఆ మేలు కనబడలేదు. బడిలో పెట్టే పరీక్షలకు మార్కులు తప్పవు. రోజువారీ వ్యాసాలకు ఎందుకమ్మా?

ఇక ‘ఇంకా బాగా రాయాలి’ సంగతి. ఎలా రాయాలో తెలిస్తే ఆ బిడ్డ రాసే ఉండేది కదా! జూన్‌లో బడి తెరిచాక గంగమ్మ జాతర గురించి రాయమంటే, ‘జాతర బాగా జరిగింది, జనం చాలామంది వచ్చారు’ అని ముగించేస్తారు. దాని పక్కన ఇలా రాయండి: ‘బైరాగి వేషం వేశానన్నావు. ఒంటికి సుద్ద పూసిందెవరు? ఎండకు అది ఆరుతుంటే ఎలా అనిపించింది? ఇక్కడ రెండు వాక్యాలు చేర్చు.’ జవాబు పిల్లల దగ్గరే ఉంటుంది, అడిగేవాళ్లు కావాలి. పలమనేరులో నేను చదువు చెప్పిన ఒకమ్మాయి నాలుగు వరుసలు దాటేది కాదు. ‘టమాటా ధర పడిపోయిన రోజు మీ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారు?’ అని రాసిచ్చాను. పేజీ నిండా రాసుకొచ్చింది.

తప్పుల విషయానికొస్తే, ఒకసారికి ఒక రకమే చూడండి. ఒత్తులనుకుంటే ఒత్తులే. తప్పున్న వరుస పక్కన మార్జిన్‌లో చుక్క పెట్టి వదిలేయండి. అదెక్కడుందో వెతికి దిద్దుకోవడం పిల్లల పని. ఆ పనీ మీరే చేసేస్తే వాళ్లకు నేర్చుకోవడానికి ఏం మిగులుతుంది?

పుస్తకాలు తిరిగిచ్చిన రోజే పావుగంట కేటాయించి, క్లాసులోనే తిరగరాయించండి. ఇంటికి పంపితే జరగదు. పాఠం కాస్త వెనకబడినా ఫర్వాలేదు. ఇలా చూసే వ్యాసాలు నెలకు రెండు చాలు, రాత్రిళ్లు మీకూ నిద్ర ఉండాలి.

తనిఖీకి వచ్చినవాళ్లు ‘అన్నీ దిద్దలేదే’ అంటారని టెన్షన్ వద్దు. పేజీ పైన ‘ఈసారి చూసినవి: ఒత్తులు’ అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి. అడిగితే, కింద పిల్లలు తిరగరాసిన భాగం చూపించండి.