లెక్కల డౌట్లు: ఈ ధర్మాలన్నీ ఎందుకు సార్?

ప్రశ్న: సార్, నేను ఆరో తరగతి చదువుతున్నాను. పూర్ణాంకాల పాఠంలో సంవృత ధర్మం, స్థిత్యంతర ధర్మం, సహచర ధర్మం, విభాగ న్యాయం అని వరసగా ఇచ్చారు. 3+5 అన్నా 5+3 అన్నా 8 అని చిన్నపిల్లలకి కూడా తెలుసు కదా, దానికి ఇంత పెద్ద పేరు ఎందుకు?

జవాబు: కూడికలో అయితే నువ్వన్నది నిజమే, చూడగానే తెలిసిపోతుంది. కానీ గుణకారం సంగతి ఆలోచించు, 4×6 అంటే నాలుగు ఆర్లు, 6×4 అంటే ఆరు నాలుగులు, ఈ రెండూ ఒకటే ఎందుకు అవ్వాలి? నోట్‌బుక్‌లో వరసకి 6 చుక్కల చొప్పున 4 వరసలు పెట్టు, ఇప్పుడు బుక్కుని పక్కకి తిప్పు, వరసకి 4 చొప్పున 6 వరసలు కనిపిస్తాయి, చుక్క ఒక్కటి పెరగలేదు తగ్గలేదు. చుక్కలు ఎన్ని పెట్టినా ఇదే జరుగుతుంది కాబట్టే దాన్ని ధర్మం అన్నారు, ఇదే స్థిత్యంతర ధర్మం. దీని పుణ్యమా అని ఎక్కాల్లో దాదాపు సగం బరువు తగ్గిపోయింది, తొమ్మిదో ఎక్కంలో 9×7 దగ్గర ఆగిపోతే ఏడో ఎక్కంలోంచి 7×9 లాక్కురావచ్చు.

పేర్లు పరీక్షలో అడుగుతారు కాబట్టి ఎలాగూ నేర్చుకుంటావు, అసలు మజా వాడకంలో ఉంది. 25×37×4 ఇచ్చారనుకో, ఎడమ నుంచి మొదలుపెడితే ముందు 25×37 దగ్గరే చెమటలు పడతాయి. అదే 37నీ 4నీ అటూఇటూ మార్చి (ఇది స్థిత్యంతరం), 25×4 ముందు చేసేస్తే (ఇది సహచరం, అంటే ఏ రెండింటిని ముందు గుణించినా జవాబు ఒకటే) 100, దాన్ని 37తో గుణిస్తే 3700, పెన్ను కూడా అక్కర్లేదు. అలా మార్చుకోవచ్చని నీకు పర్మిషన్ ఇచ్చేవి ఈ రెండు ధర్మాలే.

ప్రశ్న: మా బాబు 20−8−5 కి జవాబు 17 అని వేశాడండి. ముందు 8లోంచి 5 తీసేశాడట. ఏ రెండింటిని ముందు కలిపినా ఒకటే అని స్కూల్లో చెప్పారు అని వాదిస్తున్నాడు, ఎలా చెప్పాలో అర్థం కావట్లేదు.

జవాబు: బాబు లెక్క తప్పేగానీ ఆలోచన మాత్రం మంచిదేనమ్మా, తిట్టకండి. స్కూల్లో చెప్పింది కూడికకీ గుణకారానికీ, దాన్ని తను తీసివేతకి కూడా పట్టుకెళ్లాడు, చాలామంది పిల్లలు ఇక్కడే పడతారు. (20−8)−5 అయితే 7, 20−(8−5) అయితే 17. ఎందుకంటే 20లోంచి తీయాల్సిన 8నే ముందు 3 చేసేశాడు, అంటే మొత్తం 13 తీయాల్సిన చోట 3 మాత్రమే తీశాడు, మిగిలిన 10 ఎక్కడికీ పోలేదు, జవాబులో ఉండిపోయాయి, చూడండి 17కీ 7కీ తేడా సరిగ్గా 10. భాగహారం కూడా ఇంతే, 24÷6÷2 ని ఎడమ నుంచి చేస్తే 2, 6÷2 ముందు చేస్తే 8. మీరు చెప్పేయకుండా ఈ రెండో లెక్క తననే రెండు రకాలుగా చేయమనండి, తనే పట్టుకుంటాడు.

ప్రశ్న: విభాగ న్యాయం ఎక్కడ వాడతాం సార్? టెక్స్ట్‌బుక్‌లో బ్రాకెట్ల లెక్కల్లో తప్ప ఎక్కడా కనిపించదు.

జవాబు: రోజూ వాడుతున్నావు, నీకు తెలీదంతే! 46×23 నిలువుగా చేసేటప్పుడు మొదటి వరసలో 46×3 = 138 వేస్తావు, రెండో వరసలో ఒక స్థానం వదిలేసి 92 వేస్తావు. ఆ స్థానం ఎందుకు వదిలావు? అది 92 కాదు, 46×20 = 920 కాబట్టి. 138+920 = 1058. అంటే 23ని 20+3గా విడగొట్టి విడివిడిగా గుణించి కలిపావు, విభాగ న్యాయం అంటే అచ్చంగా ఇదే. తీసివేతతోనూ పనిచేస్తుంది, 98×7 కావాలంటే 700లోంచి 14 తీసెయ్, 686.

కానీ రెండు చోట్ల జాగ్రత్త. 2×(3×5) ని (2×3)×(2×5) అని రాసేవాళ్లు ఉన్నారు, 30 రావాల్సింది 60 వస్తుంది, బ్రాకెట్ లోపల ప్లస్సో మైనస్సో ఉంటేనే పంచాలి. ఇంకోటి భాగహారం, (100+20)÷5 ని 20+4 అని విడగొట్టొచ్చు, 24 కరెక్టే, కానీ 100÷(20+5) ని మాత్రం విడగొట్టకూడదు, అసలు జవాబు 4 అయితే విడగొడితే 5+20 అయి 25 వచ్చి కూర్చుంటుంది.

ప్రశ్న: 0÷5 సున్నా అంటారు, 5÷0 మాత్రం చేయకూడదంటారు, ఎందుకు?

జవాబు: 12÷4 = 3 అని ఎలా సరిచూస్తావు, 4×3 = 12 అనే కదా. అలాగే 5÷0 కి ఏదో ఒక జవాబు ఉందనుకుంటే దాన్ని 0తో గుణిస్తే 5 రావాలి, కానీ 0తో దేన్ని గుణించినా 0నే, కాబట్టి అలాంటి సంఖ్యే లేదు. మరి 0÷0? ఇక్కడ కథ తిరగబడుతుంది, 7 అన్నా సరిపోతుంది, 100 అన్నా సరిపోతుంది, అన్నీ సరిపోతే ఇక ఏది రాస్తాం? అందుకే రెండింటినీ నిర్వచించకుండా వదిలేశారు. ఇది తేలిగ్గా తేలిన విషయం కూడా కాదు, సున్నాతో లెక్కలు ఎలా చేయాలో 628లోనే నియమాలు రాసిన బ్రహ్మగుప్తుడంతటివాడు 0÷0 ని 0 అన్నాడు.

ప్రశ్న: 5−8 అంటే −3 అని మా అక్క అంటుంది, మా టీచర్ ఏమో పూర్ణాంకాల్లో జవాబు లేదంటారు. ఎవరు కరెక్ట్?

జవాబు: ఇద్దరూ. పూర్ణాంకాలంటే 0, 1, 2, 3 ఇలా సాగేవే, వాటిలో −3 లేదు, అందుకే తీసివేతకి సంవృత ధర్మం (ఏ రెండు పూర్ణాంకాలతో లెక్క చేసినా జవాబు కూడా పూర్ణాంకమే రావడం) లేదంటారు. మీ అక్క రుణ సంఖ్యలు కూడా కలిపిన పూర్ణసంఖ్యల్లో మాట్లాడుతోంది, అక్కడ 5−8 కి జవాబు ఉంది. నీ పాఠంలో ఏ సంఖ్యలు అన్నారో చూసుకుని దాని ప్రకారం రాయి.