పదవి భార్యది, పెత్తనం భర్తది అయినప్పుడు మహిళా రిజర్వేషన్ ఎందుకు?

పంచాయతీల్లో ఆడవాళ్ల పేరు చెప్పి భర్తలే నడిపిస్తుంటే, అసెంబ్లీకీ పార్లమెంటుకీ 33 శాతం ఇచ్చి ఏం లాభమని అడిగారు. మా అమ్మ 2019 నుంచి అయిదేళ్లు నల్లగొండ జిల్లాలో ఒక చిన్న ఊరికి సర్పంచ్. ఇంట్లో చూసిందే చెప్తాను.

మొదటి ఏడాది మీరన్నదే నిజం. సీటు మహిళకు రిజర్వయిందని తెలిసిన రాత్రి బాపు, బాబాయిలు, ఊళ్లో నలుగురు పెద్దమనుషులు మా అరుగు మీద కూర్చుని అమ్మ పేరు ఖాయం చేశారు. అమ్మ లోపల వాళ్లకు చాయ్ పెడుతోంది. ఆమెను అడిగినవాళ్లు లేరు. గెలిచాక పంచాయతీ ఆఫీసు గోడ మీద అమ్మ పేరు రాసి, కింద బాపు ఫోన్ నంబరు వేశారు. సెక్రటరీ రిజిస్టరు ఇంటికే తెచ్చేవాడు. అమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుని చూపించిన చోటల్లా సంతకం పెట్టేది. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం చెక్కు మీద ఉప సర్పంచ్ సంతకం కూడా ఉండాలి. ఆయన బాపు దోస్తే, ఇక అడ్డేముంది?

నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని, లేకుంటే సర్పంచ్ పదవికే ముప్పని అదే చట్టంలో ఉంది. ఆ ఎండాకాలం ట్యాంకరు సరిగా తిరగక రోడ్డు వెంట మొక్కలు ఎండిపోయాయి. నోటీసు అమ్మ పేరున వచ్చింది. బాపు మండలాఫీసుకు పోతే, "ఇది మేడంకిచ్చిన నోటీసు, జవాబు ఆమే ఇవ్వాలె" అని తిప్పి పంపారు. ఏడాదిగా మీటింగుల్లో ఆయనకే కుర్చీ వేసింది కూడా వాళ్లే! నాకిప్పటికీ కోపం తెప్పించేది అదే.

అమ్మ నాతో ఆ నోటీసు మూడుసార్లు చదివించుకుంది. చదివింది ఏడో తరగతి వరకే అయినా, పొదుపు సంఘం పుస్తకం ఏళ్ల తరబడి రాసిన మనిషి, లెక్క తెలియక కాదు. తర్వాత ట్రాక్టరు డీజిల్ బిల్లు తెచ్చిన సెక్రటరీతో, "ఎన్ని ట్రిప్పులు తిరిగింది? సదివి చెప్పు బిడ్డా, ఇన్నంక పెడ్త" అంది. బాపు వారం రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. ఆ వారం మా ఇల్లు ఎట్లా ఉందో రాయడం నా వల్ల కాదు.

తర్వాతి గ్రామసభలో మైకు తనే తీసుకుంది. అంతవరకు బాపుకు ఏ ఆడమనిషీ చెప్పని సంగతులు బయటికొచ్చాయి. అందులో మొదటిది బడి పక్కనున్న బెల్టుషాపు. మూయించలేకపోయింది, బడి దగ్గర నుంచి మాత్రం జరిపించింది.

అందుకే "డమ్మీలు" అనే మాట వింటే బాధేస్తుంది. తండ్రి చాటున వచ్చిన కొడుకును వారసుడంటాం, భర్త చాటున వచ్చిన ఆడమనిషిని డమ్మీ అంటాం. మహిళా బిల్లు 1996లో మొదటిసారి పార్లమెంటుకొస్తే, 2023 సెప్టెంబరులో గానీ లోక్‌సభలో 454-2 ఓట్లతో గట్టెక్కలేదు. అదీ జనాభా లెక్కలు, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అన్న షరతుతో. 2024లో గెలిచిన 543 మంది ఎంపీల్లో ఆడవాళ్లు 74 మందే. పంచాయతీల్లో భర్తలు చేసిన తప్పుకు పార్లమెంటులో ఆడవాళ్ల సీట్లు ఆపాలనడం ఏం న్యాయం? ఆపాల్సింది మీటింగులో భర్తకు కుర్చీ వేయడాన్ని.

2025 డిసెంబరు ఎన్నికలకు మా ఊరు జనరల్ అయింది. "ఇగ నీకెందుకమ్మా" అన్నారు అందరూ. జనరల్ అంటే మగవాళ్ల సీటని ఎక్కడ రాసుందని అమ్మ నామినేషన్ వేసింది. ఓడిపోయింది. ఈసారి కరపత్రం మీద ఆమె నంబరే వేయించింది. పింఛను రాలేదని, నల్లా రాలేదని ఇప్పటికీ దానికే ఫోన్లొస్తున్నాయి.