ఫోన్ వీడియో బాగా రావాలంటే కెమెరా కొనాల్సిందేనా?

జాతరలు, ఇంట్లో ఫంక్షన్లు ఫోన్‌తోనే తీస్తున్నానని, ఎంత ఎడిట్ చేసినా పనితనం కనిపించడం లేదని, కెమెరా కొంటే మారుతుందా అని అడిగారు. ఇప్పుడే కొనకండి. చాలావరకు తేడా వచ్చేది ఆటో సెట్టింగుల వల్లే. వెలుగు, రంగు, సౌండు అన్నీ ఫోనే మార్చుకుంటూ పోతుంది. ముందు దాన్ని ఆపాలి.

మాది తిరుపతి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర తీస్తుంటాను. రోజుకో వేషం కట్టే ఈ జాతరలో, తోటి వేషం రోజు భక్తులు ఒళ్ళంతా బొగ్గు పూసుకుని వస్తారు. ఫోన్ ఆటో సెట్టింగులో ఉంటే, వేషం దగ్గరికి రాగానే ఫోన్ చీకటి పడిందనుకుని వెలుగు పెంచేస్తుంది. నలుపు కాస్తా బూడిదరంగుకు తిరుగుతుంది, వెనక ఎండ పడ్డ గోడ తెల్లగా పేలిపోతుంది. ఒంటికి తెల్లగా పూసుకునే బైరాగి వేషం రోజు సరిగ్గా దీనికి రివర్స్, తెలుపు మాసిపోతుంది. అందుకే ముఖం మీద వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ (ఫోన్ తీసుకునే వెలుగు) మారకుండా లాక్ చేయండి. తర్వాత వెలుగు కొంచెం తగ్గించండి. చెమటకు మెరుస్తున్న బొగ్గు మీద వేపాకు నీడ కూడా తెలుస్తుంది. వాళ్ళది మొక్కు కాబట్టి, దగ్గరి షాట్ మాత్రం అడిగే తీయండి.

రాత్రి వీడియోలో లైట్లు మినుకుమినుకుమంటుంటే కారణం కరెంటు. మనది 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 చుట్లు. ఒక్కో చుట్టుకు రెండుసార్లు చొప్పున బల్బు వెలుగు సెకనుకు 100 సార్లు ఎక్కి దిగుతుంది. ఫోన్‌లో ప్రో మోడ్ (సెట్టింగులు మనమే పెట్టుకునే మోడ్) ఉంటే సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు తీసుకునే సమయం) సెకనులో 1/50 వంతు పెట్టండి. కొన్ని చవక ఎల్‌ఈడీ సీరియల్ సెట్లు అప్పటికీ మాట వినవు, మీరే పక్కకు జరగాలి.

సౌండు సంగతి ఇంకా ముఖ్యం. బొమ్మ కాస్త వణికినా జనం చూస్తారు, మాట వినపడకపోతే స్క్రోల్ చేసేస్తారు. డప్పు దెబ్బ పడగానే ఫోన్ మైకు లెవెల్ దించేస్తుంది, వెంటనే వచ్చే మాట అందులో మునిగిపోతుంది. డబ్బు పెట్టాలనుకుంటే ముందు కాలర్ మైకుకు పెట్టండి. మాట్లాడించాల్సిన వాళ్ళను పక్క సందులోకి పిలవండి. డప్పుల్ని వేరే ఫోన్‌లో, కొంచెం దూరం నుంచి రికార్డు చేసి పెట్టుకోండి.

ఎడిటింగ్‌కు ఉచితంగా దొరికే డావిన్చీ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్ చాలు. ఫోన్ ఫైళ్ళలో ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని ఫ్రేములో ఆ లెక్క) నిలకడగా ఉండదు, అందుకే నిడివి పెరిగేకొద్దీ పెదాలకూ మాటకూ పొంతన తప్పుతుంటుంది. ముందు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో ఫైళ్ళు మార్చే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ (మారని రేటు) పెట్టి మార్చుకోండి. టైమ్‌లైన్ మీద మొదట మాటలు, డప్పులు పరుచుకుని, బొమ్మలు తర్వాత పెట్టండి. ఏ షాట్ అనవసరమో అక్కడే తెలిసిపోతుంది. షూటింగ్‌లో ప్రతి షాట్ కనీసం పది సెకన్లు కదలకుండా పట్టుకుని ఉంటేనే, కోయడానికి చోటు దొరుకుతుంది.