రోజుకి పది సిగరెట్లే తాగేవాళ్ళకి లంగ్ క్యాన్సర్ స్కాన్ ఎందుకు ఇవ్వట్లేదు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మేము అట్లాంటాలో ఉంటాం. మా ఆఫీస్‌లో ఒక నల్లజాతి ఆయనకి 57 ఏళ్ళు, లంగ్ క్యాన్సర్ అని తేలేసరికే నాలుగో స్టేజ్. 36 ఏళ్ళుగా రోజుకి పది సిగరెట్లు తాగేవాడు, పోయినేడు స్కాన్ అడిగితే మీకు రూల్ వర్తించదు అన్నారంట. ఆయన తమ్ముడికి 54, 30 ఏళ్ళుగా రోజుకి 15 తాగుతున్నాడు. మావారికి 51, హైదరాబాద్‌లో 14 ఏళ్ళు రోజుకో పెట్టె తాగి పదేళ్ళ క్రితం మానేశారు. వీళ్ళిద్దరూ స్కాన్ తీయించుకోవాలా?

డాక్టర్ సలహా: చదువుతుంటే చాలా బాధేసిందమ్మా. ఆయన తనంతట తాను వెళ్ళి అడిగినా రూల్ అడ్డం పడింది. అమెరికాలో 2021 నుంచి ఉన్న గైడ్‌లైన్ ప్రకారం 50 నుంచి 80 ఏళ్ళ మధ్య ఉండి, కనీసం 20 ప్యాక్ ఇయర్స్ తాగి, ఇంకా తాగుతున్నవాళ్ళకి లేదా మానేసి 15 ఏళ్ళు దాటనివాళ్ళకి ఏటా లో డోస్ సీటీ, అంటే తక్కువ రేడియేషన్‌తో ఊపిరితిత్తుల స్కాన్, తీస్తారు. 20 సిగరెట్ల పెట్టె రోజుకొకటి చొప్పున ఏడాదంతా తాగితే ఒక ప్యాక్ ఇయర్. మీ కొలీగ్‌ది సగం పెట్టె, 36 ఏళ్ళు, అంటే 18, 20కి రెండు తక్కువయ్యాయని స్కాన్ ఇవ్వలేదు.

అసలు నల్లజాతి వాళ్ళు సగటున రోజుకి తక్కువ సిగరెట్లు తాగుతారు, కానీ అంతే తాగిన తెల్లవాళ్ళతో పోలిస్తే క్యాన్సర్ వాళ్ళకే ఎక్కువ వస్తోందని 2006లోనే ఒక పెద్ద స్టడీలో తేలింది. ఈ స్కాన్‌తో లంగ్ క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గుతాయని 2011లో చూపించిన ట్రయల్‌లో 53 వేల మందికి పైగా ఉంటే నల్లజాతి వాళ్ళు 5 శాతం కూడా లేరు, దాన్ని చూసే 2013లో 55 ఏళ్ళు, 30 ప్యాక్ ఇయర్స్ అని రూల్ పెట్టారు. తర్వాత దక్షిణాది రాష్ట్రాల్లో పొగతాగి లంగ్ క్యాన్సర్ వచ్చినవాళ్ళని లెక్కేస్తే ఆ రూల్ కిందకి తెల్లవాళ్ళు 56 శాతం వచ్చారు, నల్లజాతి వాళ్ళు 32 శాతమే. 2021లో రూల్ సడలించాక తేడా తగ్గింది గానీ పోలేదు. పెట్టెల లెక్క వదిలేసి 20 ఏళ్ళు తాగారా లేదా అని చూస్తే ఆ తేడా దాదాపు ఉండదని 2024లో ఒక స్టడీ వచ్చింది, రూల్ అలా మారాల్సిందే అని నేను గట్టిగా నమ్ముతాను.

క్యాన్సర్ తొందరగా దొరికినా కూడా అందరికీ ఒకే వైద్యం అందలేదు. 1999లో వచ్చిన ఒక స్టడీలో 65 దాటిన ఎర్లీ స్టేజ్ పేషెంట్లలో ఆపరేషన్ జరిగింది తెల్లవాళ్ళలో దాదాపు 77 శాతానికి, నల్లజాతి వాళ్ళలో 64 శాతానికి. ఆపరేషన్ అయినవాళ్ళు మాత్రం ఇద్దరూ దాదాపు ఒకేలా బతికారు, అంటే లోపం వాళ్ళ ఒంట్లో లేదమ్మా, అందాల్సిన వైద్యం అందకపోవడంలో ఉంది.

తమ్ముడికి ముక్కాలు పెట్టె, 30 ఏళ్ళు, అంటే 22.5, ఆయనకి స్కాన్ కచ్చితంగా వస్తుంది, చాలా ఇన్సూరెన్స్‌లు కోపే, అంటే మన జేబులోంచి కట్టే వాటా, లేకుండానే ఇస్తాయి. ఈ లెక్క కాగితం మీద రాసుకుని ప్రైమరీ కేర్ డాక్టర్ దగ్గరికి ఈ వారమే వెళ్ళమనండి, సిగరెట్ మానడానికి మందులు కూడా అప్పుడే అడగమనండి.

మీవారి సంగతి, మన దగ్గర చాలా పెట్టెల్లో పదే ఉంటాయి కాబట్టి ఆయనది 7 ప్యాక్ ఇయర్సే, ఇరవైల పెట్టె అనుకున్నా 14. ఏ లక్షణాలూ లేకపోతే స్కాన్ వద్దు, ఊరికే చిన్న మచ్చ కనపడి భయం, బయాప్సీ, ఆ తిప్పలన్నీ ఎందుకు.

కానీ మూడు వారాలు దాటిన దగ్గు, కళ్ళెలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇలాంటివి ఉంటే ఈ రూల్స్ ఏవీ వర్తించవు, అది స్క్రీనింగ్, అంటే లక్షణాలు లేనివాళ్ళకి ముందుజాగ్రత్తగా చేసే పరీక్ష, కాదు, రోగం కనుక్కోవడానికి చేసే పరీక్ష. ఇది మీక్కూడా చెప్తున్నా, అమెరికాలో లంగ్ క్యాన్సర్ వచ్చిన ఆసియా ఆడవాళ్ళలో సగానికి పైగా అసలు సిగరెట్ ముట్టనివాళ్ళే, పొగ తాగరు కదా అలర్జీ అయ్యుంటుంది అని పంపించేస్తే ఊరుకోవద్దు, ఎక్స్‌రే గానీ సీటీ గానీ తీయమని అడగండి.