చీకట్లో మెట్లు ఆనకపోతే

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. హబ్సిగూడలో మూడో అంతస్తులో ఉంటాం. పొద్దుగూకితే మెట్లు ఆనడం లేదంటున్నారు. రెండు నెలలుగా రోజూ క్యారెట్ రసం తాగుతున్నారు. గుండెకు మంచిదని నూనె, నెయ్యి పూర్తిగా మానేశారు. రక్తపరీక్షలో విటమిన్ ఎ సరిపడా ఉందన్నారు. అయినా మాత్రలు వేయమంటారా డాక్టరుగారూ?

జవాబు: ఇప్పుడే వద్దమ్మా.

విటమిన్ ఎ ఎక్కువగా దాచుకునేది కాలేయం. అక్కడినుంచి కొద్దికొద్దిగా రక్తంలోకి వదులుతుంది. దాన్ని ఒక చిన్న ప్రొటీను మోసుకొస్తుంది. ఆ చిన్నది మూత్రంలోకి జారిపోకుండా ట్రాన్స్‌థైరెటిన్ అనే పెద్ద ప్రొటీను తోడుంటుంది. నిల్వ బాగా అడుగంటేదాకా రక్తంలో మోతాదు పెద్దగా మారదు. కాబట్టి రిపోర్టు బాగుందని నిశ్చింతగా ఉండకండి.

నేను హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు చూసిన ఒక పిల్లవాడు ఇప్పటికీ కళ్లముందే ఉంటాడు. దీపాలు పెట్టే వేళకు అన్నం కంచం కోసం చేత్తో తడుముకునేవాడు. తెల్లగుడ్డు మీద సబ్బు నురగలాంటి మచ్చలు. మసక వెలుతురులో చూపునిచ్చే కంటిలోని రాడ్ కణాల్లో రొడాప్సిన్ అనే వెలుతురును పట్టే పదార్థం తయారవ్వాలంటే విటమిన్ ఎ కావాలి, అది లేకే రేచీకటి. బక్కచిక్కిన ఆ బిడ్డకు మోసుకొచ్చే ప్రొటీనుకూ కొరతే. మందు పడిన మూడో సాయంత్రం వాళ్లమ్మ చేతిలో గిన్నె చూసి తనే అందుకున్నాడు. ఆ రోజు నాకు ఏడుపు ఆగలేదు.

నాన్నగారి క్యారెట్ రసంలో ఉన్నది ఒంట్లో విటమిన్ ఎ గా మారే బీటాకెరోటిన్. అది కొవ్వుతో కలిస్తేనే బాగా ఒంటబడుతుంది. నూనె చుక్క లేకపోతే చాలావరకు వృథా. అదే క్యారెట్‌ని తాలింపు వేసి కూర చేయండి, మునగాకు పప్పులో ఒక చెంచా నెయ్యి వేయండి. పప్పు, గుడ్డు తగ్గించవద్దు. గుండె డాక్టరు ప్రత్యేకంగా నెయ్యి వద్దంటే నూనె చాలు.

బీటాకెరోటిన్‌ని మన ఒళ్లు అవసరమైనంత మేరకే విటమిన్ ఎ గా మార్చుకుంటుంది. క్యారెట్ మరీ ఎక్కువైతే అరచేతులు పసుపెక్కుతాయి, అంతే. మాత్రల్లో ఉండేది అలా కాదు. ఎక్కువైన విటమిన్ ఎ ఒంట్లోంచి తేలిగ్గా పోదు, కాలేయాన్నే దెబ్బతీస్తుంది. గర్భిణులకైతే బిడ్డకే ప్రమాదం.

అయినా ఆయన వయసులో రాత్రిచూపు తగ్గితే నేను ముందు అనుమానించేది శుక్లాన్ని, రెటీనా జబ్బుల్ని, నీటికాసుల్ని. ఈ వారంలోనే కంటి డాక్టరుకు చూపించండి. లివర్ జబ్బేదైనా ఉంటే తప్పక చెప్పండి. పరీక్షకు కంటిపాప పెద్దదవ్వడానికి చుక్కలు వేస్తారు, కొన్ని గంటలు చూపు మసగ్గా ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు ఆయన్ని బండి నడపనివ్వకండి. మెట్ల దగ్గర ఈ రాత్రే ఒక బల్బు పెట్టించండమ్మా.