రాజనీతి శాస్త్రంలో పీహెచ్‌డీ: గడువు, కొలువు

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఏ. రాజనీతి శాస్త్రం పూర్తి చేసింది, పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఎన్నేళ్లు పడుతుంది? ఆ తర్వాత అధ్యాపక ఉద్యోగం ఖాయమేనా? – ఒక పాఠకుడు, కావలి

జవాబు: యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నిబంధనల ప్రకారం కోర్సువర్కుతో (పరిశోధనకు ముందు చదవాల్సిన పాఠాలతో) కలిపి కనీస వ్యవధి 3 ఏళ్లు, గరిష్ఠం 6 ఏళ్లు, మళ్లీ రిజిస్టరు చేసుకుంటే మరో 2 ఏళ్లు, మహిళలకు ఆపైన ఇంకో 2 ఏళ్లు వెసులుబాటు ఉంది. ఈ వెసులుబాటును భరోసాగా తీసుకోకండి.

మా దృష్టిలో ఆలస్యానికి తరచుగా కారణమయ్యేది తెలివి తక్కువ కావడం కాదు, అంశం మరీ విశాలంగా ఉండటమూ, జీవనభృతి లేక మధ్యలో ప్రైవేటు కళాశాలలో చేరాల్సి రావడమూను. 'ఆంధ్రప్రదేశ్‌లో మహిళా రాజకీయాలు' అని పెట్టుకుంటే అంతు ఉండదు. మీ జిల్లాలోని దూబగుంటలో మొదలై 1993లో సారా నిషేధానికి దారితీసిన ఉద్యమంలో పాల్గొన్న స్త్రీలు ఆ తర్వాత పంచాయతీ పదవులకు ఎంతవరకు వచ్చారన్నది పరిశీలిస్తే, ఇంటి నుంచే క్షేత్ర పరిశీలన సాగుతుంది. భృతి కోసం ముందుగా జేఆర్ఎఫ్‌కు (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, అంటే పరిశోధకులకిచ్చే నెలవారీ భృతి) ప్రయత్నించడం మేలు; 2023 సవరణ ప్రకారం అది మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు.

ఉద్యోగం ఖాయమని చెప్పలేము. 2023 జులైలో యూజీసీ అసిస్టెంట్ ప్రొఫెసర్ నియామకానికి నెట్ (జాతీయ స్థాయి), సెట్, స్లెట్ (రాష్ట్ర స్థాయి) అర్హత పరీక్షల్లో ఒకటి కనీస అర్హతగా నిర్ణయించి, పీహెచ్‌డీని ఐచ్ఛికం చేసింది. కాబట్టి పట్టా వచ్చేదాకా ఆగకుండా నెట్ ఇప్పుడే రాయించండి. నెల్లూరులోని విక్రమ సింహపురి, ఒంగోలులోని ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయాల ప్రకటనలను గమనిస్తూ, చేరేముందు అక్కడి పరిశోధన పర్యవేక్షకుల (గైడ్ల) దగ్గర గతంలో ఎందరు, ఎన్నేళ్లలో పూర్తి చేశారో మీ అమ్మాయినే స్వయంగా విచారించమనండి.